మబ్బు పట్టగానే వైరు పీకాలి

మా వీధికి కేబుల్ ఇంటర్నెట్ వస్తోందన్న సంగతి మొదట ఎదురింటి దర్జీ భార్యకు తెలిసింది. ఆమెకు ఇస్త్రీ ఆవిడ చెప్పిందట. ఇస్త్రీ ఆవిడకు ఎవరు చెప్పారో దేవుడికెరుక. "అది వస్తే ఇక ఫోనుతో పనే లేదంట. కుయ్యిమనదంట, కయ్యిమనదంట, నొక్కితే చాలు బొమ్మంట. కానీ ఇంటికొకటే ఇస్తారంట. ఆ నెట్టు కొట్టు వాళ్ళింట్లో మగాళ్ళు ఇద్దరు, వచ్చే కేబుల్ ఒకటి. చూస్తూ ఉండండి, కొట్టు మధ్యలో గోడ లేస్తుంది" అందట. దర్జీ భార్య ఆ మాటను కొలత తప్పకుండా, కాకపోతే ఇంత కుట్టు వదిలి, మా తోడికోడలికి అందించింది. మా తోడికోడలు నాకు చెప్పలేదు. పాలావిడ చెప్పింది.

గోడ లేవలేదు. లేచినా బాగుండేది. గోడకు చెరో పక్కన ఇద్దరూ బతకొచ్చు.

కొట్టు అంటే మా ఇంటి ముందు గదే. నాలుగు కంప్యూటర్లు, వాటి నడుమ ప్లైవుడ్ అడ్డాలు, గాలికంటే చప్పుడు ఎక్కువిచ్చే ఒక కూలర్, మామగారి పేరు మీద ఒక టెలిఫోను. మామగారు పోయి చాలా కాలమైంది గానీ ఫోను బిల్లు మీద మాత్రం నెలనెలా బతికి వచ్చేవారు. ఆ ఒక్క తీగనే కొసన రెండుగా చీల్చి ఒకదానికి బావగారి మోడెం, రెండోదానికి మా ఆయన మోడెం తగిలించారు. మోడెం అంటే కంప్యూటరుకూ ఫోనుకూ నడుమ దుబాసీ. మెడ పిసికిన కోడిలా కీచుమని అరిచి, గొంతులో కళ్ళె అడ్డం పడ్డట్టు గరగరలాడి, ఎప్పటికో అవతలి వాళ్ళతో మాట కలిపేది. తీగ ఒకటే కాబట్టి ఒకరు లైనులో ఉంటే రెండోవాళ్ళు చేతులు ముడుచుకోవాలి. పొద్దున పూట బావగారిది, మధ్యాహ్నం మాది.

ఆ కొట్టుకు ఒక కట్టుబాటు ఉండేది. మబ్బు పట్టగానే మోడెంల వైర్లు పీకెయ్యాలి. పిడుగు ఎక్కడో ఊరవతల పడ్డా తీగ పట్టుకుని నడిచొచ్చి మోడెంను మాడ్చేస్తుంది. అంతకుముందు ఏడాది అలా ఒకటి పోయింది. అప్పటినుంచీ కాపలా మా అత్తగారిది. ఆవిడకు కంప్యూటరు తెలియదు గానీ ఆకాశం తెలుసు. గుమ్మం పక్కన పేము కుర్చీలో కూర్చుని, పడమట కాస్త మసక కనబడితే చాలు, "మబ్బు పట్టిందర్రా! వైర్లు పీకండి!" అని ఒక్క కేక పెట్టేది. లోపల వైర్లు ఊడేవి. బయట వీధి ఆడవాళ్ళంతా డాబాల మీదికి పరుగెత్తి ఆరేసిన బట్టలు తెచ్చుకునేవాళ్ళు. రేడియోవాడు తప్పొచ్చేమో గానీ ఈవిడ తప్పదని దర్జీ భార్యే అనేది.

అన్నదమ్ములవి రెండు మతాలు. బావగారి కంప్యూటర్లలో ఊరంతా వాడే కిటికీ బొమ్మ సిస్టం. మా ఆయన కంప్యూటర్లలో పెంగ్విన్ బొమ్మ ఉన్న ఉచిత సిస్టం. మా ఆయనకు చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. ఒక పక్కకు ఊగుతూ నడుస్తారు. ఆ బొమ్మ తెర మీద కనబడిన మొదటి రోజే బావగారు, "ఒరేయ్, నీ ఫొటో పెట్టుకున్నావేంట్రా?" అన్నారు. అంతే, వీధికి ఆయన పేరు పెంగ్విన్ అయిపోయింది. పాలావిడ కూడా "పెంగ్వినయ్యగారు లేరా అమ్మా?" అని మర్యాదగా అడిగేది. మా ఆయన నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఎండలు ముదిరేకొద్దీ వాదాలూ ముదిరాయి. పోస్టాఫీసులో చేసి రిటైరైన పెద్దాయన ఒకడు రోజూ కూలర్ ముందు కూర్చోవడానికే వచ్చేవాడు. ఇద్దరినీ ఎగదోయడం ఆయన కాలక్షేపం. "ఏమయ్యా, ఇంతకీ ఏది గొప్పంటారు?" అని ఒక పుల్ల విసిరి, ఇక మంట కాచుకునేవాడు.

"ఊరికే వచ్చేదానికి విలువేముంటుందండీ" అనేవారు బావగారు. "ఊరికే ఇస్తే జనం ఫినాయిలైనా తాగుతారు. వీడి సిస్టం అంతే."

"నీది కొన్నావా అన్నయ్యా?" మా ఆయన తల ఎత్తకుండానే అన్నారు. "సీడీ మీద పేరు స్కెచ్‌పెన్నుతో రాసి ఉంది. నాది అడిగి తెచ్చుకున్నది. నీది అడక్కుండా తెచ్చుకున్నది."

పెద్దాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. బావగారూ నవ్వారు. ఆయన నవ్వితే పళ్ళన్నీ కనబడతాయి, కళ్ళు మాత్రం కదలవు.

"సరేరా. మరి జనం నా కుర్చీల్లోనే ఎందుకు కూర్చుంటున్నారు?"

"అలవాటు. గజ్జి ఉన్నవాడికి గోకడమూ అలవాటే."

అందులో అబద్ధం లేదు. జనం వచ్చి మా కంప్యూటరు ముందు కూర్చుని "ఆ నీలం రంగు ఇంగ్లీషు ఇ అక్షరం ఏదండీ?" అని వెతికేవాళ్ళు. అది కనబడకపోతే ఇంటర్నెట్టే లేదని లేచిపోయేవాళ్ళు. చివరికి మా ఆయన తానే ఒక నీలం ఇ బొమ్మ గీసి తెర మధ్యలో అతికించారు. లోపల ఉన్నది వేరు, పైన బొట్టు వాళ్ళది. అప్పటినుంచీ జనం నిలిచారు. దానికి తోడు ఎవరెవరివో ఫ్లాపీలు దూర్చి దూర్చి బావగారి కంప్యూటర్లకు పట్టని రోగం లేదు. నడుస్తూ నడుస్తూ తెర నీలంగా మారి తెల్లమొహం వేసేవి. మాకు ఆ బెడద లేదు. పెంగ్విన్ మెల్లగా నడిచినా పడిపోదని వీధి పిల్లలు అనడం మొదలుపెట్టారు. ఆ మాట బావగారి చెవిన పడ్డ రోజు ఆయన అన్నం సగంలో వదిలి లేచారు. మా తోడికోడలు ఆ కంచం నా ముందునుంచి తీసుకెళ్ళి కడిగింది, చప్పుడు చేస్తూ.

కేబుల్ ఏజెంటు వచ్చింది అప్పుడే. గట్టి మనిషి, చెమట తుడుచుకుంటూనే చేతివేళ్ళతో గోడ కొలిచేశాడు. "ఇంటికొకటేనమ్మా. ఎవరి పేరు మీద రాయమంటారు?" అని అత్తగారిని అడిగాడు.

ఎవరి పేరు మీద కేబుల్ వస్తే కొట్టు వాళ్ళదని అడక్కుండానే అందరికీ తెలుసు. ఇక ఫోను తీగ పట్టుకు వేలాడేవాడి దగ్గరికి ఎవడొస్తాడు?

అత్తగారు కాసేపు కుర్చీ చేతులు తడుముకుంది. "ఇద్దరూ నాకు రెండు కళ్ళు" అంది. "ఒక కన్ను పొడుచుకోమంటే ఎలా? పరీక్షల ఫలితాలొచ్చే రోజు ఊరంతా ఇక్కడికే వస్తారు. ఒక గంట పెద్దాడికి, ఒక గంట చిన్నాడికి. ఎవడు ఎక్కువమందికి చూపిస్తే కేబుల్ వాడి పేరున. రెండోవాడు వాడి కింద పని చేసుకోవాలి. గొడవలొద్దు."

"న్యాయంగా ఉంది" అన్నాడు ఏజెంటు. అతనికేం, ఎవరి పేరు మీద అయినా కమీషన్ కమీషనే.

మా ఆయన ముఖం వెలిగింది. ఆయన దగ్గర ఒక ఉపాయం ఉంది. ఫలితాల పేజీ నిండా బొమ్మలు, జెండాలు, మంత్రిగారి చిరునవ్వు. ఫోను తీగ మీద ఆ చిరునవ్వు దిగేసరికే పిల్లల ముఖాలు వాడిపోయేవి. మా ఆయన తన సిస్టంలో ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నారు. నంబర్లు వరసగా కొట్టిస్తే బొమ్మలన్నీ వదిలి మార్కులు మాత్రమే లాక్కొస్తుంది. నాకు చూపించారు. కిందటేటి నంబర్లతో ఆడించి, "చూడు, చాకులా ఉందా లేదా?" అని పిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

"బావగారికి చెప్పారా?"

"చెప్పా. ఏం, దాచుకోవడానికి ఇదేమన్నా దొంగసొత్తా? నీకూ రాసిపెడతా అన్నయ్యా అన్నా. నీ ముష్టి నాకొద్దు పోరా అన్నాడు."

నేను లేచి నా పని చూసుకున్నాను. పాముకు పాలు పోసేవాడికి పాము పళ్ళ గురించి చెప్తే కోపం వస్తుంది.

ఫలితాలకు ముందు రోజు మధ్యాహ్నం మా ఆయన కాలేజీల వైపు వెళ్ళారు, పిల్లలకు తన గంట ఎప్పుడో చెప్పి రావడానికి. బావగారు కొట్లో ఉన్నారు. అత్తగారు పేము కుర్చీలో. నేను వెనక వంటింట్లో స్టవ్ ముందు ఉన్నాను. ఉన్నట్టుండి కిటికీ చీకటైంది. చూస్తుండగానే గాలి, దుమ్ము, వెంటనే చినుకులు. తలుపులు మూసి నేను ముందు గదికి వచ్చేసరికి ఇంటి మీదే పడ్డట్టు ఒక ఉరుము. కూలర్ ఆగిపోయింది. బావగారు బల్ల దగ్గర నిలబడి చేతులు దులుపుకుంటున్నారు. అత్తగారు కళ్ళు మూసుకుని ఉంది. గదిలో కాలిన ప్లాస్టిక్ వాసన.

మా ఆయన తడిసి ముద్దై వచ్చారు. చెప్పులు కూడా విడవకుండా తిన్నగా మోడెం దగ్గరికి వెళ్ళారు. ఆయనది పెట్టె బయట ఉండే మోడెం, నల్ల డబ్బా, ముందు ఎర్ర దీపాలు. కరెంటు వచ్చాక నొక్కారు. ఒక్క దీపమూ వెలగలేదు. డబ్బా వెనక వైరు అలాగే గుచ్చి ఉంది. పక్కన బావగారి వైరు పీకి, చక్కగా చుట్టి, బల్ల మీద పెట్టి ఉంది.

"నీది నువ్వే పీక్కుని వెళ్ళుంటావనుకున్నా" అన్నారు బావగారు. "ప్రతిసారీ నేనే చూడాలా?"

మా ఆయన అన్న వైపు చూడలేదు. వాళ్ళమ్మ వైపు చూశారు.

"అమ్మా, కేక వెయ్యలేదా?"

"కునుకు పట్టిందిరా నాయనా. ఎండ దెబ్బ."

"పోనీలే" అన్నారాయన. తర్వాత మా గదిలో తల తుడుచుకుంటూ నాతో, "అమ్మ ఉందిగదాని ధీమాగా పోయా. పాపం, పెద్దదైపోయింది" అన్నారు. అలాంటి మోడెం ఊళ్ళో దొరకదు. తెప్పించాలంటే వారం.

ఫలితాల రోజు జనం వీధిలోకి పొంగారు. మొదటి గంట బావగారిది. మోడెం కోడిలా అరిచి లైనులోకి వెళ్ళింది. పేజీ మీద మంత్రిగారి నుదురు దిగింది, కనుబొమలు దిగాయి, కంప్యూటరు నీలంగా మారింది. మళ్ళీ ఆన్ చేశారు. మళ్ళీ నుదురు. గంటలో చూసింది గుప్పెడుమంది. పిల్లలు గొణుగుతున్నారు. "పెంగ్విన్ గంట ఎప్పుడండీ?" అని ఎవరో అరిచారు. "మన పెంగ్విన్ అయితే ఈపాటికి అందర్నీ తేల్చేసేవాడు" అన్నాడు పోస్టాఫీసు పెద్దాయన.

బావగారు లేచారు. మనిషిలో తొణుకు లేదు. సొరుగు లాగి, పెట్టె లోపల గుచ్చే పాత కార్డు మోడెం ఒకటి తీసి అందరి ముందూ తమ్ముడి చేతిలో పెట్టారు.

"నీది మాడిపోయింది కదరా. ఇదిగో, నాది స్పేరుంది, వాడుకో. నేనేమన్నా పరాయివాణ్ణా?"

జనం మెచ్చుకున్నారు. అన్న అంటే అలా ఉండాలన్నారు. మా ఆయన ఆ కార్డును చూసిన చూపు నాకు తెలుసు. అది సొంత బుర్ర లేని రకం. కంప్యూటరు బుర్రనే అరువు తెచ్చుకుని పని చేస్తుంది, అదీ కిటికీ సిస్టం ఉంటేనే. పెంగ్విన్ ముందు పెడితే రాయితో సమానం. ఆ సంగతి బావగారికి కంఠతా వచ్చు. ఆ వేసవంతా వాళ్ళు వాదించుకున్న వాదాల్లో అదొకటి. నీ సిస్టం నా మోడెంతో మాట కూడా కలపలేదని ఆయన ఎన్నిసార్లు దెప్పిపొడిచారో లెక్కలేదు.

అయినా మా ఆయన పెట్టె విప్పారు. కార్డు గుచ్చారు. ఏవేవో కొట్టారు. తెర మీద తెల్ల అక్షరాలు వచ్చి ఆగిపోయాయి. ఇంకోసారి కొట్టారు. చెమట ముక్కు చివర నించి కీబోర్డు మీద పడింది.

"ఏమైందండీ?" అన్నాను.

"గుర్తు పట్టడం లేదు."

"కార్డుని పెంగ్విన్ గుర్తు పట్టట్లేదా, పెంగ్విన్‌ని కార్డు గుర్తు పట్టట్లేదా?" అన్నాడు పెద్దాయన. గది గదంతా పగలబడి నవ్వింది. ఇందాక "మన పెంగ్విన్" అన్న నోరే అది.

దర్జీ కూతురు నంబరు చీటీ నలుపుతూ నిలబడి ఉంది. "అన్నా, ఎలాగోలా చూడన్నా" అంది.

బావగారు స్కెచ్‌పెన్ను రాతల సీడీని తమ్ముడి ముందు బల్ల మీద పెట్టారు. "దీనికి మందు ఒకటే. కిటికీ ఎక్కించు. పిల్లలు ఏడుస్తున్నార్రా, నీ పంతం కోసమా?"

మా ఆయన సీడీ పెట్టారు. పాతవన్నీ చెరిపేయాలా అని తెర అడిగింది. అవును అని ఒక గడి, కాదు అని ఒక గడి. ఆ ప్రోగ్రాం, ఆయన గీసిన నీలం ఇ, మొత్తం ఆ గడి అవతలే ఉన్నాయి. ఆయన వేలు ఆగలేదు. నేను చూస్తూ ఉన్నాను, అసలు ఆగలేదు.

ఆ తర్వాత తెర మీద నీలం గీత చీమలా పాకడం మొదలుపెట్టింది. గంట మొత్తం అదే పాకింది. జనం దాన్ని చూసి చూసి ఒక్కొక్కరే బావగారి కుర్చీ చుట్టూ మూగారు. చివరికి ఆయన, "గంటలు గింటలు ఎందుకులే, పిల్లలు నలిగిపోతున్నారు" అని మళ్ళీ లైను తీసుకున్నారు. కీబోర్డు మీద ఆయనకు రెండు వేళ్ళే తెలుసు. "తమ్ముడూ, నువ్వు కొట్టు. నీ చెయ్యి వడి" అన్నారు. మా ఆయన ఊగుతూ నడిచొచ్చి అన్న కంప్యూటరు ముందు కూర్చున్నారు. సాయంత్రం దాకా ఎవరి నంబర్లో కొడుతూనే ఉన్నారు. దర్జీ కూతురు పాసైంది. పెద్దాయన వెళుతూ వెళుతూ బావగారి భుజం తట్టాడు.

"కేబుల్ పెద్దాడి పేరున రాసుకోమని చెప్పు" అంది అత్తగారు, ఎవరితోనో అన్నట్టు.

వానలు కుదురుకునేలోపే కేబుల్ వచ్చింది. నిచ్చెన వేసుకుని ఒకాయన గోడకు కన్నం పెట్టి, నీలం తీగ లోపలికి లాగాడు. కుయ్యి లేదు, కయ్యి లేదు. నొక్కితే బొమ్మ. మా తోడికోడలు అందరికీ టీలు తెచ్చింది, నాకు కూడా. కేబులాయన పాత ఫోను తీగను పీకి చుట్టచుట్టి మూలకు తన్నాడు. బావగారు కొత్త కుర్చీలు తెప్పించారు. మా ఆయనకు తలుపు దగ్గర స్టూలు వేశారు. ఎవరు ఎప్పుడొచ్చారో చూసుకుని, టైము అవ్వగానే లేపడం ఆయన పని.

ఇంటిల్లిపాదీ ఆ గదిలోనే ఉన్నాం. దర్జీ భార్య కూడా కూతుర్ని వెంటేసుకుని కేబుల్ చూడడానికి వచ్చింది. తెరకేసి నోరు తెరుచుకుని చూసి చూసి, ఇక మాట్లాడకపోతే మర్యాద కాదన్నట్టు అత్తగారి వైపు తిరిగింది.

"ఇక మీకు కేకలు పెట్టే పని తప్పింది పిన్నిగారూ. పోనీలెండి. ఆ రోజు మీరు కేక వెయ్యకపోయేసరికి మా వీధి బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. నేను డాబా మీంచి చూస్తూనే ఉన్నా, మీరు మబ్బుకేసే చూస్తున్నారు. పిన్నిగారు కేక వెయ్యలేదంటే ఇది వాన మబ్బు కాదు కామోసని నేనూ ధీమాగా ఊరుకున్నా. మా ఆయన కుట్టిన కొత్త జాకెట్లు రంగులు దిగిపోయాయంటే నమ్మండి!"

ఆమె నవ్వింది. మా తోడికోడలు టీ గ్లాసులు ఏరడం ఆపింది. బావగారు తెరలో ఏదో వెతుకుతున్నట్టు ఇంకాస్త ముందుకు వంగారు. మా ఆయన స్టూలు మీద నుంచి లేవబోయి, లేవలేక, అలాగే గోడ పట్టుకున్నారు.

"మరి కునుకు పట్టిందన్నావు కదమ్మా" అన్నారు. గొంతులో కోపం లేదు. తనే తప్పు విన్నానేమోనన్నట్టు అడిగారు.

నేను ఉండబట్టలేకపోయాను.

"ఇద్దరూ రెండు కళ్ళన్నారుగా అత్తయ్యా. అన్న తన వైరు ఒక్కటే పీక్కుంటుంటే ఏ కంటితో చూశారు?"

ఆవిడ నా వైపు తిరిగింది. ముఖంలో తడబాటు లేదు, జాలి లేదు. ఆకాశాన్ని చూసి మబ్బు పట్టిందని చెప్పే ముఖమే అది.

"రెంటితోనూ చూశానమ్మాయ్. ఇద్దరూ మునిగేకంటే ఒకడు ఒడ్డెక్కడం నయం కదా. కాళ్ళున్నవాడు ఎక్కితే రెండోవాణ్ణి లాగి స్టూలైనా వేస్తాడు. కుంటివాణ్ణి ఎక్కిస్తే వాడెవణ్ణి లాగుతాడు?"